పంటి వేరులోని సొరంగము

త, థ, ద, ధ, న అను వర్ణములకు మన వ్యాకర్తలు దంత్యములని పేరిడిరి. నాలుక పండ్లను తాకనిదే అవి స్పష్టముగా పలుకవు. కావున పండ్లు అన్నము నమలుటకే కాక మాటాడుటకును సాధనములు. అట్టి పంటికి చేటు కలిగినపుడు మనము చేయుపని యేమి? లవంగనూనెలో తడిపిన దూదిని అదుముకొందుము. ఉప్పునీటితో పుక్కిలింతుము. పోటు తగ్గినచో ఆ సంగతి మరచిపోదుము.

నేనును అట్లు మరచినవాడనే. ప్రధానోపాధ్యాయుడనుగా ఉన్న కాలమున ఎడమవైపు దవడపన్ను ఒకటి పుచ్చి, రెండు రాత్రులు నన్ను నిద్రపోనీయలేదు. దంతవైద్యుడు పంటిని తొలిచి, లోన మందుంచి, పైన తాత్కాలికముగా మూసి, వారము దినములలో తప్పక రమ్మని చెప్పెను. మరునాటికే పోటు పోయినది. అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరపడినవి. వారము నెలయైనది, నెల మూడు నెలలైనది. ఒకనాటి ఉదయము అద్దము చూచుకొనగా చెంప పూరీవలె పొంగియున్నది! ఆ పంటిని నిలుపుటకు సాధ్యము కాలేదు. పోటు పోవుటయు వ్యాధి పోవుటయు ఒకటి కాదని అంతకుముందు నాకు తెలియదు. ఆ భేదము తెలియవలెనన్న పంటి లోపలి నిర్మాణమును కొంత ఎరుగవలెను.

పన్ను పైకి రాయివలె కనబడును గాని అది లోన బోలుగా నుండును. పైనున్న తెల్లని పింగాణిపొర మన శరీరమున అన్నిటికంటె గట్టి పదార్థము. దాని క్రింద డెంటీన్ అను పసుపుచాయ గల పొర కలదు. దాని నడుమ ఒక చిన్న గది, ఆ గదిలో మెత్తని గుజ్జువంటి దంతమజ్జ ఉన్నవి. రక్తనాళములును నాడులును ఈ మజ్జలోనివే. ఆ గదినుండి ప్రతి వేరులోనికిని సన్నని సొరంగము దిగి, వేరుకొనయందలి సూక్ష్మరంధ్రము ద్వారా దవడయెముకతో కలియును. దీనినే రూట్ కెనాల్ అందురు. మనము మూలనాళమని చెప్పుకొందము. ముందుపంటికి సాధారణముగా ఒక్కటే నాళము. దవడపండ్లకు మూడో నాలుగో ఉండుట కలదు.

పుచ్చు పింగాణిని దాటి, డెంటీనును తొలిచి, మజ్జను చేరినపుడు సూక్ష్మజీవులు లోన ప్రవేశించును. శరీరమున మరియొకచోట గాయమైనచో ఆ భాగము వాచుటకు చోటుండును. పంటి గదికి నలుదెసల రాతిగోడలు! వాచుటకు వీలులేక మజ్జ తనలో తాను నలిగిపోవును. ఆ భయంకరమైన పోటు దీనివలననే కలుగును. కొన్నాళ్లకు మజ్జ చచ్చును. చచ్చిన నాడికి నొప్పి తెలియదు గదా! రోగి సంతోషించును. లోపల సూక్ష్మజీవులు కుళ్లిన మజ్జను తినుచు, వేరుకొనను దాటి ఎముకను కరగించుచుండును.

మాత్రలు మ్రింగిన చాలదా యని మీరడుగవచ్చును. మ్రింగిన మందు రక్తముతోగాని ప్రయాణము చేయలేదు. మజ్జ చచ్చిన నాళములోనికి రక్తము పోదు. కావున మందును పోదు. వాపు మొగమునకు ప్రాకి జ్వరము వచ్చినపుడు వైద్యుడు మాత్రలిచ్చిన ఇయ్యవచ్చును. అవి బయటి మంటను చల్లార్చును గాని లోని నిప్పును ఆర్పలేవు.

పుచ్చుపంటిలో పురుగుండునని పూర్వము పలు దేశములవారు నమ్మిరి. మన పల్లెలలోను వాకుడు గింజల పొగపట్టి పంటిపురుగులను రాల్చెదమని తిరుగువారు ఉండిరి. పురుగు కాదు, కంటికి కనబడని సూక్ష్మజీవులే నోటినిండ నున్నవని 1683లో హాలండు దేశస్థుడగు లీవెన్‌హుక్ తాను చేసికొన్న సూక్ష్మదర్శినితో చూచి వ్రాసెను. 1890వ సంవత్సర ప్రాంతమున బెర్లిన్ నగరమున పనిచేసిన మిల్లర్ అను అమెరికా దంతవైద్యుడు చచ్చిన మజ్జలో అనేకవిధములైన సూక్ష్మజీవులను కనుగొనెను. అయినను ఒక శంక మిగిలినది. సూక్ష్మజీవులవలన మజ్జ చచ్చినదా? లేక చచ్చిన మజ్జలో సూక్ష్మజీవులు పిమ్మట చేరినవా?

ఈ శంకను 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అను ముగ్గురు ఎలుకలతో తీర్చిరి. వారు రెండు తెగల ఎలుకలను తీసికొనిరి. ఒక తెగవి మామూలుగా పెరిగినవి. రెండవ తెగవి పుట్టుక మొదలు సూక్ష్మజీవియే లేని ప్రత్యేకమైన పెట్టెలలో, శుద్ధిచేసిన తిండితో పెరిగినవి. రెండు తెగల ఎలుకలకును దవడపంటిని తొలిచి, మజ్జ బయటపడునట్లు చేసి, పూడ్చక వదలిరి. తిన్న తిండి రెండింటి గుంటలలోను సమానముగానే ఇరుకుకొన్నది. మామూలు ఎలుకలలో మజ్జ కుళ్లి, వేరుకొనయందు చీము పట్టినది. రెండవ తెగలో ఒక్క మజ్జయైనను చావలేదు. రెండు వారములకు గాయముపై క్రొత్త డెంటీన్ వంతెనవలె పేరుకొన మొదలిడి, నాలుగు వారములలోపల గుంటను మూసివేసెను. పుచ్చి తొలచబడిన పంటికి శత్రువు గాయము కాదు, తిండి కాదు, సూక్ష్మజీవి మాత్రమేయని దీనివలన తేలినది. చికిత్సయొక్క గురి నాడిని చంపుట కాదు, నాళమును సూక్ష్మజీవులనుండి శుద్ధిచేయుట.

ఈ శుద్ధి సులభమైన పని కాదు. 1910లో విలియం హంటర్ అను ఆంగ్ల వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరమున ఉపన్యసించుచు, కుళ్లిన పండ్లను శుద్ధిచేయకయే పైన మెరుగుపెట్టెడి వైద్యమును తీవ్రముగా విమర్శించెను. పండ్లలోని విషము దేహమునెల్ల చెరచునను భయము వ్యాపించి, నిలుపదగిన పండ్లను సైతము కొన్ని దశాబ్దములపాటు పెరికివైచిరి. అతని విమర్శలో నిజము కొంత కలదు. పెరికివైచుట మాత్రము దానికి సరియైన సమాధానము కాదని నా తలంపు.

ఇక నేటి విధానము. మొదట పంటి చుట్టును పలుచని రబ్బరు పొరను బిగింతురు. 1864లో బార్నమ్ అను అమెరికా దంతవైద్యుడు కనిపెట్టిన ఉపాయమిది. ఒక్క లాలాజలబిందువులో లక్షలకొలది సూక్ష్మజీవు లుండును. లోన శుద్ధిచేయుచుండగా పైనుండి ఉమ్మి కారుచున్నచో శ్రమయంతయు వృథా. సన్నని పనిముట్లు గొంతులోనికి జారకుండను ఈ పొర కాపాడును. పిమ్మట పంటిని తొలిచి, వెండ్రుకవంటి ఉక్కు ఆకురాళ్లను నాళములోనికి దింపి, కుళ్లిన పదార్థమును గోకి తీయుదురు.

గోకినంతమాత్రమున శుద్ధి యగునా? స్విట్జర్లాండు దేశస్థుడగు వాల్టర్ హెస్ ఊడదీసిన పండ్లను పెక్కింటిని తీసికొని, వాని నాళములలోనికి రబ్బరును ఎక్కించి గట్టిపరచి, పంటిని కరగించి చూచెను. మిగిలిన రబ్బరు అచ్చు తిన్నని గొట్టమువలె లేదు. చెట్టువేళ్లవలె కొమ్మలు, రెమ్మలు, వలలు, వంకరలు! ఇదిగాక నాళపు గోడయగు డెంటీను నిండ సూక్ష్మమైన గొట్టములు కలవు. ఒక్కొక్కదాని వెడల్పు మిల్లీమీటరులో వేయవ వంతు మొదలు రెండుమూడు వంతులు మాత్రమే. మజ్జకు దగ్గరగా ఒక చదరపు మిల్లీమీటరు చోటులోనే ఇట్టివి పదివేలకొలది ఉన్నవి. సూక్ష్మజీవి ఇంతకంటె చిన్నది. అది ఆ గొట్టములలో దూరి దాగికొనును. ఉక్కు ఆకురాయి అక్కడికి ఎట్లు పోగలదు? పోగలిగినది ద్రవమొక్కటే.

ఆ ద్రవము యుద్ధభూమినుండి వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుల గాయములు కుళ్లిపోవుచుండగా 1915లో డేకిన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు నూటికి అరపాలు సోడియం హైపోక్లోరైట్ గల ద్రావణమును సిద్ధపరచెను. కారెల్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు దానితో గాయములను కడుగు పద్ధతిని ఏర్పరచెను. పిమ్మట దంతవైద్యులు దీనిని గైకొనిరి. మన ఊరి బావులలో వేయు బ్లీచింగు పొడికి ఇది దగ్గరి చుట్టము. దీనియందు రెండు గుణములు కూడియున్నవి: సూక్ష్మజీవిని చంపును, చచ్చిన మజ్జను కరగించును. నేడు నూటికి అరపాలు మొదలు అయిదుపాళ్ల వరకు బలముగల ద్రావణములను వాడుచున్నారు. అయితే ఇది బ్రతికియున్న మాంసమును కూడ కాల్చును. అందువలన సిరంజిని నాళములో బిగియనీయక, మెల్లగా, వేరుకొనను దాటకుండ చిలకరింతురు. స్వీడన్ దేశమున బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ అనువారు 1981లోను 1983లోను దీనిని పరీక్షించిరి. ఉప్పునీటితో కడుగుచు గోకినపుడు సూక్ష్మజీవులు మిక్కిలి తగ్గినవి గాని పెక్కు నాళములలో పూర్తిగా పోలేదు. హైపోక్లోరైట్ వాడినపుడు శుద్ధమైన నాళముల సంఖ్య పెరిగినది.

గోకునపుడు డెంటీన్ పొడి గోడలకు అలుకువలె పట్టి సూక్ష్మగొట్టముల నోళ్లను మూయును. దీనిని తొలగించుటకు ఈ.డి.టి.ఎ. అను మరియొక ద్రావణముతో చివర కడుగుదురు. క్లోర్‌హెక్సిడిన్ అను మందును కొందరు వాడుదురు. దానిని హైపోక్లోరైటుతో కలియనిచ్చిన గోధుమవన్నె మడ్డి ఏర్పడి నాళమును అడ్డగించును. రెండు మంచి మందులు కలిసినంతనే మరింత మంచిది కానేరదు.

ఒక దినమున పని ముగియనపుడు నాళములో కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్దను నింపి మూసి పంపుదురు. ఈ పేరు క్రొత్తగా తోచినను వస్తువు మీకు క్రొత్తది కాదు. మన తాంబూలములోని తడిసున్నమే యిది! 1920లో హెర్మన్ అను జర్మను దంతవైద్యుడు దీనిని పంటి చికిత్సలో ప్రవేశపెట్టెను. దీని తీక్షణమైన క్షారగుణమును పెక్కు సూక్ష్మజీవులు సహింపలేవు. కాని ఇది నిదానముగా పనిచేయును. కావుననే వారము దినములు, అంతకంటె ఎక్కువయు గడువిత్తురు. ఎంటరోకాకస్ ఫీకాలిస్ వంటి మొండి జాతులు దీనికిని లొంగకుండుట కలదు. ఇది సున్నమే యని తమలపాకుల పళ్లెములోని సున్నమును పుచ్చుపంటిలో పెట్టుకొనబోవుదురేమో! చిగురు కాలును, పన్ను నిలువదు.

నాళము శుద్ధమైన పిమ్మట ఆరబెట్టి, మలయా ప్రాంతపు చెట్టుపాలతో చేసిన గట్టాపర్చా అను పదార్థముతో నింపి, పైన గట్టిగా మూయుదురు. నింపుటకు ముందు శుద్ధి ఎంతవరకు జరిగినదను దానిపై ఫలము ఆధారపడియుండును. 1997లో స్వీడన్ పరిశోధకులు వేరుకొన చెడిన ఒంటివేరు పండ్లను 53టిని అయిదేండ్లవరకు గమనించి ప్రకటించిన లెక్క చూడుడు. నింపుటకు ముందు పరీక్షలో సూక్ష్మజీవులు కనబడని పండ్లలో నూటికి 94 పూర్తిగా మానినవి. కనబడినవానిలో మానినవి నూటికి 68 మాత్రమే.

నేను రెండవమారు వైద్యునికడకు పోకుండుటచే పైమూత అరిగి, ఉమ్మి లోనికి దిగి, శుద్ధియైన నాళము మరల చెడినదని పిమ్మట గ్రహించితిని. కొన్నేండ్లకు కుడివైపు దవడపంటికిని అదే వ్యాధి వచ్చినది. ఈమారు మూడుమార్లు రమ్మనగా మూడుమార్లును పోయితిని. ఏడాది గడచిన పిమ్మట వైద్యుడు రెండు ఎక్స్‌రే చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. మొదటిదానిలో వేరుకొన చుట్టును బఠానిగింజంత నల్లని నీడ. రెండవదానిలో ఆ చోట తెల్లని యెముక. ఇంట జంతికలు చేసిన దినమున నేను ఆ వైపుననే నమలుచున్నాను.