ఏసీలో ఆర్-32 గ్యాస్ ఉందా? అయితే ఇది చూడండి

మొన్న మా రూమ్‌లో ఏసీ కూలింగ్ తగ్గింది. మెకానిక్ సిగరెట్ కాలుస్తూనే పైపు విప్పబోయాడు. "ఆగన్నా, అది ఆర్-32" అన్నా. "ఏసీ గ్యాస్ అంటుకోదు తమ్ముడూ" అన్నాడు.

పాత ఆర్-22 విషయంలో అది చాలావరకు నిజమే. ఆర్-32 అంటే డైఫ్లోరోమీథేన్. ఓజోన్‌కి హాని చేయదు గానీ, కొంచెం మండే గుణం ఉంది. మండితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. రంగు లేదు, గాలికంటే బరువు. లీకై నేల దగ్గర చేరినా కనబడదు. అందుకే తలుపులు, కిటికీలు తీసి, మంట లేకుండా పని చేయించాలి. ద్రవం సుమారు మైనస్ 52 డిగ్రీలకే మరుగుతుంది, చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది. గ్లౌజులు తప్పనిసరి. మీ ఏసీలో ఏ గ్యాసో బయటి యూనిట్ స్టిక్కర్ మీద ఉంటుంది.

ఇంకోటి, ఏటా గ్యాస్ నింపాలంటే నమ్మకండి. అది పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. మాది పైపు నట్టు దగ్గర దొరికింది, అన్న సిగరెట్ ఆర్పేసి వచ్చాక.