లిస్టులో పేరెందుకు లేదు?

2023 డిసెంబరు 30న ఏషియన్ కప్‌కు వెళ్లే భారత ఫుట్‌బాల్ జట్టును ప్రకటించారు. మొత్తం 26 పేర్లు. సాయంత్రానికల్లా మా వాట్సాప్ గ్రూపులో పోటీ జట్లు మూడు తయారయ్యాయి. ఎవడి జట్టు వాడిది గానీ, అందరి తిట్లూ సెలెక్టర్లకే. మూడు వారాలు తిరిగేసరికి మనవాళ్లు ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1తో ఓడి, ఒక్క గోలైనా కొట్టకుండా ఖతార్ నుంచి తిరిగొచ్చారు. తిట్టినవాళ్లంతా ఒక్కసారిగా జ్యోతిష్కులైపోయారు. ఆ గ్రూపులో నేను టైపు చేసి, పంపకుండా చెరిపేసిన జవాబులే ఇవి.

అపోహ: సెలెక్టర్లు రాజకీయం చేస్తారు

క్రికెట్ చూసి చూసి పట్టిన అలవాటు ఇది. అక్కడ సెలక్షన్ కమిటీ ఉంటుంది, దానికో చైర్మన్ ఉంటాడు. ఫుట్‌బాల్లోనూ ఒకప్పుడు మనకు అలాంటివి ఉండేవి. ఇప్పుడు జాబితా రాసేది హెడ్ కోచ్. 2024లో ఖతార్‌లో ఆడిన జట్టు ఇగోర్ స్టిమాచ్‌ది, 2019 ఏషియన్ కప్‌కు యూఏఈ వెళ్లిన జట్టు స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌ది. పేర్లు కోచ్‌వి గనక ఫలితం కూడా ఆయన నెత్తినే పడుతుంది. 2019లో షార్జాలో బహ్రెయిన్‌పై ఇంజురీ టైమ్ దాకా నిలబడి, అప్పుడు పెనాల్టీ ఇచ్చుకుని ఓడాం. ఆ రాత్రి విలేకరుల ముందే కాన్‌స్టంటైన్ రాజీనామా ప్రకటించారు.

అపోహ: బాగా ఆడే పదకొండు మందిని ఏరితే జట్టైపోతుంది

హైదరాబాద్‌లో ఉండి ఈ మాట అనకూడదు. 1962 జకార్తా ఆసియా క్రీడలకు మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈ ఊరివాడే, పంతులుగా పనిచేసినవాడు. టోర్నీ మధ్యలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే రహీమ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. జాబితాలో జర్నైల్ పేరు పక్కన మాత్రం డిఫెండర్ అనే ఉంటుంది.

కోచ్ ముందు ఖాళీలు రాసుకుంటాడు, పేర్లు తర్వాత వస్తాయి. గోల్‌కీపర్లు ముగ్గురు తప్పనిసరి. ఎడమకాలి వాటం ఉన్న బ్యాక్ ఒకడు, అతనికి దెబ్బ తగిలితే ఇంకొకడు. స్కోరు నిలబెట్టుకోవాల్సిన చివరి ఇరవై నిమిషాలకు ఒకడు. మీ అభిమాన వింగర్ దేశంలో నాలుగో మంచి వింగర్ అయితే, అతని కంటే తక్కువ ఆటగాడు ఇంకో చోట ఆడగలడన్న ఒక్క కారణంతో విమానం ఎక్కేస్తాడు.

అన్నిటికంటే చేటైన ఖాళీ సెంటర్ ఫార్వర్డ్‌ది. మన లీగ్ ఐఎస్ఎల్‌లో ఒక క్లబ్బు ఒకేసారి నలుగురు విదేశీయుల్ని మైదానంలో దింపొచ్చు. డబ్బు పెట్టేవాడు ముందుగా ఎవర్ని కొంటాడు? గోల్ కొట్టేవాణ్ని. సునీల్ ఛెత్రి అంతటివాడికే తప్పలేదు. బెంగళూరు ఎఫ్‌సీలో వెనిజులా ఆటగాడు మికు నడిమధ్య ఆడుతుంటే ఛెత్రి ఎడమ పక్కకు జరిగాడు. అదే ఛెత్రి దేశానికి ఆడేటప్పుడు మధ్యలో నిలబడి గోల్స్ కొట్టాలి. ఖతార్‌లోనూ ఆ బాధ్యత ముప్ఫై తొమ్మిదేళ్ల ఛెత్రిదే. 2024 జూన్‌లో వీడ్కోలు పలికిన మనిషిని 2025 మార్చిలో మళ్లీ పిలిచారు. ‘ఛెత్రి తర్వాత ఎవరు’ అని పదేళ్లుగా అడుగుతున్నాం. ఆ ‘తర్వాతివాడు’ ఈ శనివారం ఏదో క్లబ్బు బెంచీ మీద నీళ్లసీసా పట్టుకుని కూర్చుని ఉంటాడు. స్టిమాచ్ వచ్చినా ఇంకొకరు వచ్చినా ఆ బెంచీ మీద నుంచే ఏరుకోవాలి.

అపోహ: నెలల తరబడి క్యాంపు పెడితే గెలిచేవాళ్లం

పెట్టి చూశాం. 2011 ఏషియన్ కప్ కోసం బాబ్ హౌటన్ కోరినట్టే ఆటగాళ్లను క్లబ్బుల నుంచి నెలల పాటు విడిపించి, పోర్చుగల్ దాకా తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. ఆస్ట్రేలియా 4, బహ్రెయిన్ 5, దక్షిణ కొరియా 4. మూడు మ్యాచ్‌ల్లో మన వలలో పదమూడు గోల్స్ పడ్డాయి, మనం కొట్టినవి మూడు. రెండు వారాల క్యాంపుతో వెళ్లిన 2024 జట్టుపై పడినవి ఆరే. అదే ఆస్ట్రేలియాను విరామం దాకా 0-0తో ఆపింది. అలాగని క్యాంపు దండగ అనుకోకండి. అది దేనికి పనికొస్తుందో చూడాలి.

క్యాంపు మొదటి రెండు రోజులు ఎవరికీ పాఠాలు ఎక్కవు. ముందు వారం లీగ్‌లో తొంభై నిమిషాలు పరిగెత్తి వచ్చిన కాళ్లకు ఐసు, మసాజ్, తేలికపాటి జాగింగ్. మిగిలిన పదకొండు పన్నెండు రోజుల్లో వెనక నలుగురికీ నడుమ తాడు కట్టినట్టు కదలడం నేర్పొచ్చు. ఎదుటివాడి కార్నర్‌కు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో, మన కార్నర్‌కు ఎవరు ఎటు దూకాలో బట్టీ పట్టించొచ్చు. కాపు కాయడం పదిహేను రోజుల్లో వస్తుంది. బంతి అందిన అర సెకనులో ఎటు తిరగాలో తెలిసిన స్ట్రైకర్ మాత్రం ఏ క్యాంపులోనూ తయారవడు. వాడు ప్రతి వారం క్లబ్బు మ్యాచ్‌లో కొట్టీ, తప్పిపోయీ, తిట్లు తినీ తయారవుతాడు.

క్లబ్బులు పంపలేదన్న గోల ఒకటి. ఫిఫా నియమం ప్రకారం టోర్నీ మొదలయ్యే వారానికి ముందు వారం, సోమవారం నాటికి ఆటగాణ్ని విడిచిపెడితే చాలు. పోటీలు 2024 జనవరి 12న మొదలయ్యాయి, అంటే గడువు జనవరి 1. మనవాళ్లు డిసెంబరు 30నే దోహా చేరారు. నెల రోజులు కావాలని స్టిమాచ్ అడగడంలో తప్పులేదు. క్లబ్బు దేశద్రోహి మాత్రం కాదు, జీతం ఇచ్చేది అదే మరి.

అపోహ: పూర్వం మనమే పులులం

1962 స్వర్ణం ముమ్మాటికీ నిజం. 1964లో ఏషియన్ కప్ రన్నరప్ అన్నదీ నిజమే గానీ, ఆ టోర్నీలో ఆడిందే నాలుగు జట్లు. అర్హత పోటీల్లో ప్రత్యర్థులు తప్పుకోవడంతో మనం నేరుగా వెళ్లాం. ఇక 1950 ప్రపంచకప్‌కు బూట్లు లేక వెళ్లలేదన్నది పాత చందమామ కథ. మన ఫుట్‌బాల్ సమాఖ్య అప్పట్లో చెప్పిన కారణాలు రెండు: జట్టు ఎంపికపై విభేదాలు, సాధనకు సమయం చాలకపోవడం. డెబ్బై ఏళ్లు దాటినా మారని సాకులు అవే!

అపోహ: 140 కోట్లలో పదకొండు మంది దొరకరా?

ఖతార్ జనాభా మన హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. 2019, 2023 (2024 జనవరిలో మొదలైనది ఇదే) ఏషియన్ కప్‌లు రెండూ వాళ్లవే. 2004లో ఆస్పైర్ అకాడమీ పెట్టి పిల్లల్ని పెంచారు. 2023 ఫైనల్లో మూడు పెనాల్టీలు కొట్టి జోర్డాన్‌ను ఓడించిన అక్రమ్ అఫీఫ్ అందులో పెరిగినవాడే. మనం 2027 టోర్నీకి అర్హతే సాధించలేదు. మన గ్రూపులో ఉన్నవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్.

అపోహ: విదేశాల్లో ఉన్న మనవాళ్లను పిలిస్తే సరి

డాలస్‌లో ఉండే మా బంధువు ఒకరు ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతారు: “మా వాడికి ఓసీఐ కార్డు ఉందిగా, ఇండియాకి ఆడొచ్చా?” కుదరదండీ. భారత పాస్‌పోర్టు ఉండాలి, మన దేశం ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. జపాన్‌లో పుట్టిన అరాతా ఇజుమి ఆ దేశ పౌరసత్వం వదులుకున్నాకే 2013లో మన జెర్సీ వేసుకున్నాడు. ఇది చెప్పినప్పుడల్లా అవతల కాసేపు మౌనం, తర్వాత వాతావరణం ఎలా ఉందన్న ప్రశ్న.

అపోహ: గాయాలంటే సాకులు

ఖతార్ వెళ్లకముందే అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్ గాయాలతో తప్పుకున్నారు. ముగ్గురూ ఉంటే గెలిచేవాళ్లమని నేననను. సిరియాతో మ్యాచ్‌లో సందేశ్ జింగన్ మోకాలు పట్టుకుని బయటికొచ్చాడు. ఆ మోకాలు బాగయ్యి అతను మళ్లీ దేశానికి ఆడింది పది నెలల తర్వాత, 2024 నవంబరు 18న, మన గచ్చిబౌలి స్టేడియంలో మలేసియాపైన. ఆ రాత్రి గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకు ఉరికి బంతి లెక్క తప్పడంతో ముందు మనకే గోల్ పడింది. 39వ నిమిషంలో బ్రాండన్ వేసిన కార్నర్‌కు రాహుల్ భేకే గాల్లోకి లేచి తలతో కొట్టి సమం చేశాడు. స్టాండులో అందరం లేచి అరుస్తుంటే నా పక్క సీటు పెద్దాయన మాత్రం కూర్చునే ఫోన్‌లో జట్టు జాబితా తిరగేస్తున్నారు. భేకే పేరు దొరికాక తలెత్తి, “ఇతనూ డిఫెండరేనా బాబూ?” అన్నారు.