కొట్టమన్నది ఎవరు? రాక్ శాఖలూ డప్పు దరువులూ

సంగీత చరిత్ర రాసేవాళ్లు మనకు శాఖల జాబితా ఇస్తారు. రాక్ సంగీతం గురించి అడిగితే ఫోక్ రాక్, హార్డ్ రాక్, హెవీ మెటల్, పంక్ అని వరసపెట్టి, ఒక్కోదాని పక్కన ఒక ప్రతిభావంతుడి పేరు రాస్తారు. ఎవరికో కొత్త ఊహ తట్టింది, కొత్త శాఖ పుట్టింది అన్నట్టు ఉంటుంది ఆ కథ. మాకది చాలదు. వాయించే చోటు మారినప్పుడు, వినేవాళ్లు మారినప్పుడు, డబ్బిచ్చేవాళ్లు మారినప్పుడు సంగీతం చీలుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, వాయించమని చెప్పే హక్కు ఎవరిదన్న దగ్గర చీలుతుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల డప్పును పక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ముందు రాక్ సంగతి చూసి డప్పు దగ్గరికొద్దాం.

పత్తి చేల నుంచి

రాక్ మూలాలు కూడా పత్తి చేలల్లోనే ఉన్నాయి. అమెరికాలో మిసిసిపీ డెల్టా నల్లజాతి కూలీలు పనిలో పాడుకున్న పాటలు బ్లూస్‌కి ఒక ముఖ్యమైన మూలం. అదే జనం చర్చి పాట గాస్పెల్ అయింది. స్టోవల్ అనే తోటలో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో షికాగో చేరాడు. నగరంలో, తాగేచోటి గోలలో మామూలు గిటారు వినపడదు. ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. చోటు మారితే మోత మారింది.

నల్లవాళ్ల పాటలను కంపెనీలు 'రేస్ రికార్డులు' అని విడిగా పెట్టి అమ్మేవి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అంది. తెల్ల యువకులు ఎగబడి కొనేసరికి అదే 'రాక్ అండ్ రోల్' పేరుతో చెలామణి అయింది. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ దానికి ప్రాణం పోశారు. రాజు బిరుదు మాత్రం ఎల్విస్ ప్రెస్లీకి దక్కింది. 'హౌండ్ డాగ్' పాటను బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లోనే రికార్డు చేసింది. లోకానికి ఎక్కువ తెలిసింది 1956లో ప్రెస్లీ పాడిందే.

ఆ తర్వాత చీలికలు త్వరత్వరగా వచ్చాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ కార్మికవాడల కుర్రాళ్లు బ్లాక్ సబ్బాత్ బృందం కట్టి 1970లో మొదటి రికార్డు తెచ్చారు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొసలు పోగొట్టుకున్నవాడు. నొప్పి తగ్గడానికి తీగలు వదులు చేసుకుంటే వచ్చిన బరువైన మోత హెవీ మెటల్‌కి గుర్తుగా నిలిచింది. 1976-77 నాటికి, పెద్ద బృందాల ఆడంబరం మీద విసుగుతో పంక్ లేచింది. ఇన్ని శాఖలేశాక రాక్ అంటే తెల్లవాళ్ల సంగీతమే అనుకునే స్థితి వచ్చింది. 1985లో న్యూయార్క్‌లో నల్లజాతి కళాకారులు 'బ్లాక్ రాక్ కోయలిషన్' పెట్టి, ఇది మాది కూడా అని మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మేర గింజల దరువు

ఇప్పుడు మన నేలకొద్దాం. చెక్క చట్రానికి తోలు బిగించి, చింతగింజల బంకతో అతికిస్తే డప్పు. వాయించే ముందు మంట దగ్గర కాచాలి. ఒక చేతిలో సన్నటి చిటికెన పుల్ల, ఇంకో చేతిలో పొట్టి సిర్ర. వీటితోనే దరువులన్నీ. చావు దరువు వేరు, అమ్మోరి కొలుపు దరువు వేరు, ఊరేగింపు దరువు వేరు, చాటింపు వేరు. దూరాన్నుంచి విన్నా ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. శాఖలంటే ఇవి కావా? అయినా వీటిని శాస్త్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఈ దరువులన్నిటి మీదా పెత్తనం ఊరిది. మేర గింజలు ఇస్తారు గనక మాదిగలు పిలిచినప్పుడు రావాలి, కొట్టమన్నంతసేపు కొట్టాలి. శవం ముందు నడవాలి, పెళ్లి పందిరి బయటే ఆగాలి. కళ అనే మాటే అక్కడ లేదు, వెట్టి తప్ప. పేరు కూడా దక్కలేదు. ఈ ఒక్క విషయంలో మాలల అనుభవం వేరేం కాదు. పల్నాటి వీరకథను తరతరాలుగా గానం చేసి నిలిపిన వీరవిద్యావంతులు మాలలు. సాహిత్య చరిత్ర తెరిస్తే ముందు కనపడేది శ్రీనాథుడి పేరు.

మానేయడమూ ఒక శాఖే

మొదటి పెద్ద చీలిక చర్చిలో వచ్చింది. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో క్లౌ దొర చేతికింద 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అని మిషన్ పెట్టిన నియమాలు. కొలుపులో డప్పు కొట్టడమంటే విగ్రహానికి మొక్కినట్టే గదా! కొట్టం అన్నారు. ఊరి పెద్దలు కక్షగట్టారు.

దొరల మాట విని మన సంస్కృతి పోగొట్టుకున్నామని కొందరంటారు. మేమట్లా అనం. పిలిస్తే రాననడం ఆ జనం చరిత్రలో చిన్న సంగతి కాదు. అయితే నష్టమూ ఉంది. చర్చి కీర్తనల పుస్తకం రాగం, తాళం పేర్లతో అచ్చయింది. పురుషోత్తమ చౌదరి లాంటి పైకులం వాళ్లు రాసిన కీర్తనలకు అందులో పెద్దపీట. డప్పు దరువుకి ఆ పుస్తకంలో చోటు లేదు.

రెండో చీలిక వామపక్షాలది. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద ముస్లిం ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరికీ చేర్చాడు. 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. కింది జనం కళ వేదిక ఎక్కింది. కూలి, భూమి వినపడ్డాయి, కులం మాట మాత్రం సన్నగానే వినపడింది.

దండోరా

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను కమ్మ భూస్వాములు చంపారు. చీరాల శిబిరంలో తలదాచుకున్న జనం మధ్య నుంచే దళిత మహాసభ లేచింది. గద్దర్ కారంచేడు మీద పాట కట్టాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికారు. అంతకుముందు రాజుకున్న గొడవ సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలైంది. ఒకే హాల్లో కూర్చుని ఒకే పాట వినడం కూడా ఊరికి కంటగింపే. (ఈ రెండు ఊళ్లూ 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి.) శిబిరం, ఊరేగింపు, సంతాప సభ అనే కొత్త చోట్లలో దళిత పాట తనకంటూ ఒక శాఖ అయింది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వాన మాదిగ దండోరా మొదలైంది. ఆ పేరు గమనించండి. దండోరా అంటే ఊరి పెత్తందారు చెప్పిన కబురు మాదిగ డప్పు కొట్టి చాటడం. ఇప్పుడు డప్పూ మాదిగదే, కబురూ మాదిగదే. వాయిద్యం మారలేదు, ఆజ్ఞ మారింది. 1878లో డప్పు దించినవాళ్లూ, 1994లో డప్పు ఎత్తినవాళ్లూ ఎదురుబొదురు కారు. కొట్టమని మాకు చెప్పడానికి మీరెవరు అన్నదే ఇద్దరి మాటా.

మిగిలిన ప్రశ్న

ఈ రోజు తోలు బదులు ఫైబర్ వచ్చింది, మంట అక్కర్లేదు. సినిమా పాటలో డప్పు మోగుతుంది, ఊరేగింపులో డీజే బండి నడుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. 2024లో దాన్ని నెలకు 4,000 రూపాయలు చేసింది. వెట్టి అన్నదాన్ని కళ అని ఒప్పుకున్నందుకు అది మంచిదే. కానీ కొత్త శాఖల డబ్బూ పేరూ ఎవరికి పోతున్నాయి, చావు దరువు ఎవరికి మిగులుతోంది అని అడగకపోతే, ప్రెస్లీ కథే ఇక్కడా జరుగుతుంది. వేరు మీద అంటు, కొమ్మ మీద కిరీటం.

కాబట్టి దరువులను, వాయించినవాళ్ల పేర్లతో, పల్లెపల్లెకూ తిరిగి నమోదు చేయాలి. కూలి ఎంతో ముందే మాట్లాడుకోవాలి. చావుకి కొట్టనన్న కుర్రాణ్ణీ, సభలో కొట్టే కుర్రాణ్ణీ ఒకే గౌరవంతో చూడాలి. శాఖలు ఎన్నైనా రానివ్వండి. ప్రతిదాని దగ్గరా మనం అడగాల్సింది ఒక్కటే: కొట్టమన్నది ఎవరు?