పాతబండికి బ్రేకు డ్రమ్ములు



ఇంట పాతబండి గలవారు చాలమంది, దాని యంత్రము తిరిగినచో చాలునని సంతోషింతురు. బండిని కదలించుట యొక యెత్తు, కదలినదానిని నిలుపుట పదియెత్తులు. ఈ మాట నాకు డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట గాని బోధపడలేదు. ఆ సంగతియే నేడు మీకు విన్నవింతును.

మా తండ్రిగారు 1969లో కొనిన జీపు జాతి వ్యాను ఒకటి కరీంనగరులో మా యింట నున్నది. ప్రసవవేదన పడు స్త్రీలను, పాము కరచినవారిని దవాఖానాకు చేర్చిన బండి యది. అందుచే దానిని పాత యినుమునకు అమ్ముటకు నాకు మనసొప్పలేదు. ఏండ్ల తరబడి కొట్టములో నుండిన ఆ బండిని బాగుచేయించి, కొండగట్టు అంజన్న సన్నిధిని పూజ చేయింపవలెనని మా మనుమడు పట్టుపట్టెను. యంత్రము కదలెను. కాని చక్రములు విప్పి చూచిన మిస్త్రీ, "బాపూ, ఈ డ్రమ్ములతో గుట్ట దిగరాదు" అని చెప్పెను.

ఆ మాట వినగానే నాకు 2018 సెప్టెంబరు 11వ తేదీ జ్ఞప్తికి వచ్చెను. నాడు కొండగట్టు ఘాటు దిగుచుండిన బస్సు లోయలో పడి, యాభైమందికి పైగా ప్రాణములు పోయినవి. ఆ ప్రమాదమునకు హేతువేదియో నిర్ణయించుట నా పని కాదు. కాని దిగుడు దారి యెట్టిదో ఆ దినము మన ప్రాంతమునకంతకును తెలిసివచ్చినది. నిర్మలు దాటిన పిదప వచ్చు మహబూబు ఘాటును ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

బ్రేకు డ్రమ్మనగా చక్రముతో కూడ తిరుగు పోత యినుప గిన్నె. కాలితో పెడలును తొక్కినపుడు గొట్టములలోని నూనె ఒత్తిడిచే, లోపలనున్న రెండు షూలు విచ్చుకొని ఆ గిన్నె గోడను ఒరయును. బండి వేగమంతయు అచట వేడిగా మారును. గోడ దళముగ నున్నచో ఆ వేడిని భరించును. అరిగి పలుచనైనచో త్వరగా కాగి, పగులును. వేడిచే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగుటచే పెడలు లోతునకు దిగును. లైనింగు కాగి పట్టు విడుచును. గుట్ట దిగునపుడు తక్కువ గేరులో దిగుమనుట యిందులకే.

మా బండి డ్రమ్ముల లోపలి వ్యాసము మొదట పది అంగుళములు, అనగా 254 మిల్లీమీటర్లు. ఇట్టి డ్రమ్ము సాధారణముగ ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి పెరుగరాదు. మావి 257కు చేరినవి. లేతుపై మరల చెక్కించుటకు ఇక చోటు లేదు. కొత్తవి వెదకవలసినదే.

ఇచటనే చిక్కు వచ్చినది. బండ్లు చేసిన సంస్థలు బండ్లకంటె ముందే పేరు మార్చుకొనును, లేదా అంతరించును. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో మన సీమలో బస్సుల సర్వీసు ప్రారంభించిరి. నాడు నడచిన ఆల్బియను బస్సులు స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున తయారైనవి. ఆ సంస్థ 1951లో లేలాండు సంస్థలో కలిసినది. మన జీపులకు మూలమైన విల్లీసు పేరు కూడ అమెరికాలో 1963లో మారిపోయెను. ఇక అసలు కంపెనీకి ఉత్తరము వ్రాసి సామాను తెప్పించుకొందునన్నచో అయ్యెడి పని కాదు.

నేను మొదట బండి పేరు చెప్పియే అడిగితిని. ఒక దుకాణదారుడు "ఇది మీ బండిదే" అని యొక జత ఇచ్చెను. బోల్టులు సరిపోయినవి, వ్యాసము సరిపోయినది, లోతు మాత్రము తక్కువ. చక్రము త్రిప్పగా డ్రమ్ము అంచు వెనుకటి రేకును రాచెను. అంచును కొంచెము అరగదీయుమంటిని. మిస్త్రీ ఒప్పుకొనలేదు. రెండవసారి పాత సామానులలో దొరికిన జత రూపమున సరియైనదే; కాని చిన్న సుత్తితో తట్టగా ఒకటి గంటవలె మ్రోగెను, రెండవది పగిలిన కుండవలె పలికెను. వెదకి చూడగా వెండ్రుకవంటి పగులు గోడ దాటి పోయియున్నది. వెల్డింగు చేయించెదమని తోడివారు సలహా యిచ్చిరి. పోత యినుమునకు వెల్డింగు నమ్మదగినది కాదు. వేడికి ఆ ప్రక్కనే మరల పగులును.

కొందరు ఉక్కుతో చేయించుమనిరి. మనకు పొరుగుననున్న కోనసముద్రపు ఉక్కు ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చి కొనిపోయినంతటి శ్రేష్ఠమైనది. అయినను కత్తికి శ్రేష్ఠమైనది డ్రమ్మునకు శ్రేష్ఠము కాదు. పోత యినుములో నూటికి మూడు పాళ్లకు మించి బొగ్గుసారము ఉండి, చాలవరకు సన్నని రేకులుగ నిలుచును. అవి వేడిని వ్యాపింపజేయును, అదరును అణచును. పోతపోసి కొత్తగ చేయించుటయు సాధ్యమే. కాని లోపల గాలిబుడగలు లేవని పరీక్షించి, లేతుపై తీర్చి, తూకము సరిచూడగల కార్ఖానా కావలెను. లేనిచో అది ప్రాణముతో చెలగాటము.

తుదకు మిస్త్రీ చెప్పినట్లు పేరు విడిచి కొలతలు వ్రాసికొంటిని. లోపలి వ్యాసము, లోతు, నడిమి రంధ్రము, బోల్టుల వలయము. అయిదు బోల్టుల బండికి ఎదురెదురు రంధ్రములుండవు గనుక, ప్రక్కప్రక్క రెండు రంధ్రముల కేంద్రముల మధ్య దూరమును 1.7తో గుణింపవలెను. మాకు 82 మిల్లీమీటర్లు వచ్చెను. అనగా వలయము దాదాపు 140. ఈ చీటీని సికింద్రాబాదు రాణిగంజునకును, మద్రాసు పుదుపేటకును, ఢిల్లీ కాశ్మీరీ గేటునకును తెలిసినవారి ద్వారా పంపితిని. నెల దాటిన పిమ్మట ఒక పాత అంగడి అటకమీద, వేరొక బండి పేరుగల పెట్టెలో, వాడని జత దొరకెను. అన్ని కొలతలును సరిపోయినవి.

బిగించునపుడు మరికొన్ని సంగతులు తెలిసినవి. ఇరువైపుల డ్రమ్ములను ఒకేసారి మార్చవలెను. లేనిచో బండి ఒక ప్రక్కకు లాగును. కొత్త డ్రమ్ముకు తుప్పు పట్టకుండ పూసిన నూనెను బొత్తిగ తుడువవలెను. పాత లైనింగు పొడిలో రాతినార ఉండవచ్చును. దానిని నోటితో ఊదక, తడిగుడ్డతో తీయవలెను. పాత జీపులలో అనేకములకు ఎడమ చక్రముల నట్లు వ్యతిరేకముగ తిరుగును. తెలియక బలిమి చేసినచో బోల్టులు తెగును.

మొదట ఖాళీ మైదానమున, తరువాత సమతలపు బాటమీద పలుమారులు ఆపి చూచితిమి. ఆ పిమ్మటనే కొండగట్టు ఎక్కితిమి. పూజ అయినది. దిగునపుడు రెండవ గేరులో, ప్రతి మలుపునకును ముందే వేగము తగ్గించి దిగితిమి. నా ప్రక్కన మనుమడు కూర్చుండెను. క్రింది బాట చేరువరకు నేను మాటాడలేదు.

మీ యింట పాతబండి యున్నచో దాని పేరును నమ్ముకొనకుడు, కొలతను నమ్ముకొనుడు. మంచి మిస్త్రీ వలదన్న వస్తువును అగ్గువకు వచ్చినదని బిగింపకుడు. సెలవు.