రాతిపువ్వు

మధురవాడకు ఆనుకొని ఉన్న కంబాలకొండ అడవిలో వానకాలంలో నడిచేవారికి చెట్ల బెరడుపై బూడిదవన్నె మచ్చలు కనిపిస్తాయి. చాలామంది వాటిని బూజుగా భావించి సాగిపోతారు. నిజానికి అవి లైకెన్లు. శిలీంధ్రమూ శైవలమూ కలిసి సాగించే కాపురమే లైకెన్. శైవలం సూర్యరశ్మితో ఆహారాన్ని సిద్ధం చేస్తుంది. శిలీంధ్రం దానికి ఆశ్రయాన్నీ తేమనూ సమకూరుస్తుంది. 1860వ దశకం చివర స్విట్జర్లాండుకు చెందిన ష్వెండెనర్ ఈ సంగతిని వెల్లడించినప్పుడు ఆనాటి లైకెన్ శాస్త్రజ్ఞులలో పలువురు అంగీకరించలేదు. ఒక్క జీవిగా కనిపించేది రెండు జీవుల కలయిక అంటే నమ్మడం కష్టమే కదా!

కొన్ని లైకెన్లు పెంకువలె రాతికి అతుక్కుపోతాయి. మరికొన్ని చిన్న పొదలవలె వేలాడతాయి. ఈ రెంటికీ నడుమ ఉన్నవి పత్రాకార లైకెన్లు. ఇవి అడుగునుండే సన్నని పోగులతో బెరడును పట్టుకొని, అంచులను ఆకులవలె పరచుకొంటాయి. మన వంటింటి మసాలా దినుసుల్లోని రాతిపువ్వు ఈ తెగదే. పేరుకు రాతిపువ్వే గాని, అది చెట్ల బెరడుపైనా పెరుగుతుంది.

లైకెన్లకు వేళ్లు లేవు. వాన, మంచు, గాలిలోని తేమ, ఇవే వాటికి నీటి వనరులు. అందువల్ల సుమారు 900 మీటర్ల ఎత్తునున్న అరకులోయ, దానికి చేరువలోని అనంతగిరి వంటి పొగమంచు సీమలు పార్మోట్రీమా మొదలైన వెడల్పాటి ఆకుల ప్రజాతులకు అనుకూలం. మధురవాడ తీరప్రాంతం. ఇక్కడ సముద్రపు గాలి తేమను తెచ్చినా, ఎండ దానిని త్వరగా హరిస్తుంది. ఇటువంటి వెచ్చని పల్లపు ప్రదేశాల్లో బెరడును గట్టిగా హత్తుకొనే పిక్సైన్, డైరినేరియా వంటి ప్రజాతులు నిలదొక్కుకోగలవు.

గాలిలోని తేమతోపాటు విషాన్నీ లైకెన్ పీల్చుకొంటుంది. సల్ఫర్ డయాక్సైడ్ పెరిగిన చోట సున్నితమైన జాతులు ముందుగా నశిస్తాయి. 1866లోనే నైలాండర్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానంలో లైకెన్లను పరిశీలించి, అవి గాలి స్వచ్ఛతకు కొలమానమని గుర్తించాడు. అయితే ఒక్క మచ్చ కనబడగానే గాలి శుభ్రమని తేల్చరాదు. పిక్సైన్ కోకోయెస్ వంటి జాతి కాలుష్యాన్ని కొంత తట్టుకొంటుంది. ఎన్ని మచ్చలున్నాయన్నది కాదు, ఎన్ని రకాలున్నాయన్నదే ముఖ్యం.

పత్రాకార లైకెన్లు సాధారణంగా ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతాయి. అరచేయంత మచ్చ వెనుక ఎన్నో ఏళ్లు ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయడానికి ముదురు చెట్టును కొట్టి, దానికి బదులు మొక్కను నాటవచ్చు. ఆ మొక్కకు నీడ కొన్నేళ్లలోనే వస్తుంది. దాని లేత బెరడుపై పాత చెట్టు మోసిన జాతులన్నీ మళ్లీ కుదురుకోవడానికి అంతకన్నా ఎంతో ఎక్కువ కాలం కావాలి.