ఆంగ్లమున కాలబోధకములగు ఉపవాక్యములు

ఒక పని యెప్పుడు జరిగెనో, ఎప్పుడు జరుగనున్నదో తెలుపుటకై ప్రధానవాక్యముతో జేర్చబడు వాక్యమునకు కాలబోధకమగు ఉపవాక్యమని పేరు. ఆంగ్లమునందిది 'వెన్', 'వైల్', 'బిఫోర్', 'ఆఫ్టర్', 'అంటిల్', 'సిన్స్', 'యాజ్ సూన్ యాజ్' మొదలగు పదములతో నారంభమగును. దీనిని ప్రయోగించుటలో మన విద్యార్థులు తరచుగా మూడు తావుల పొరబడుచుందురు.

మొదటిది 'విల్' ప్రయోగము. 'అతడు వచ్చినప్పుడు చెప్పెదను' అనుటకు 'ఐ విల్ టెల్ హిమ్ వెన్ హి కమ్స్' అనవలెను గాని, 'వెన్ హి విల్ కమ్' అనరాదు. రాబోవు పనికి వర్తమానక్రియ యేల యని వింతగా దోచవచ్చును. కాని మన తెలుగును బరికింపుడు. అతడింకను రాలేదు, అయినను 'వచ్చిన' అను భూతకాలరూపమునే వాడుచున్నాము గదా! భవిష్యత్తును ప్రధానక్రియ తెలుపుచుండగా ఉపవాక్యము మరల దెలుపనక్కరలేదు.

అయితే 'ఐ డు నాట్ నో వెన్ హి విల్ కమ్' అనుట తప్పు కాదు. ఏలయన, ఇందలి ఉపవాక్యము తెలియకపోవుట యెప్పుడో చెప్పుటలేదు, తెలియనిదేమో చెప్పుచున్నది. అనగా నామవాచకమువలె కర్మస్థానమున నున్నది.

రెండవది 'అంటిల్'. 'జ్వరము తగ్గనంతవరకు మందిమ్ము' అను తెలుగు వాక్యమును మనస్సున నుంచుకొని, కొందరు 'అంటిల్ ద ఫీవర్ డజ్ నాట్ గో' అని వ్రాయుదురు. 'అంటిల్' అనునది పని యాగవలసిన హద్దును జూపును. కావున 'అంటిల్ ద ఫీవర్ గోస్' అనిన జాలును. 'నాట్' చేర్చినచో, జ్వరము తగ్గకపోవుటయే మందు మానుటకు హద్దగును. రోగి యున్న యింటికి వ్రాయు జాబులో నిట్టి తప్పు స్వల్పమైనది కాదు. హద్దును గాక, జ్వరమున్న కాలమంతటిని జెప్పదలచినచో 'యాజ్ లాంగ్ యాజ్ ద ఫీవర్ లాస్ట్స్' అనవచ్చును.

మూడవది 'సిన్స్'. 'చిన్ననాటినుండి ఇచటనే యున్నాను' అనుటకు 'ఐ యామ్ లివింగ్ హియర్' అని మొదలిడరాదు. 'ఐ హావ్ లివ్డ్ హియర్ సిన్స్ ఐ వాజ్ ఎ చైల్డ్' అనవలెను. గతమున నారంభమై నేటివరకు సాగినదానికి ఆంగ్లమునందు 'హావ్' తో గూడిన క్రియయే తగినది.

ఉపవాక్యము ముందు వచ్చినచో దాని చివర కామా నుంచుట వాడుక. వెనుక వచ్చినచో సామాన్యముగా నక్కరలేదు.

బాలబాలికలారా! సూత్రములను వల్లించినంత మాత్రమున ఫలము లేదు. దినమునకు మూడు తెలుగు వాక్యములను ఆంగ్లీకరించి, ప్రతిదానియందును హద్దు ఏది, ప్రధానక్రియ ఏది యని గుర్తింపుడు. కొలదికాలములోనే యీ తప్పులు మిమ్ము విడిచిపోగలవు.