శిలల గరుకుదనం, లోహఫలకంపై లక్ష్మాగౌడ్ చిత్రరచన

హైదరాబాదు నగరానికి సహజాభరణాలు గ్రానైటు శిలలు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసు గల ఈ శిల, తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనంగా రూపుదిద్దుకుంది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బండలుగా, గుట్టలుగా సహజరూపంలోనే నిలిచి ఉంది. ఈ దక్కను నేల స్వభావాన్ని ముద్రణాచిత్రాలలో నిలిపిన ప్రముఖ కళాకారుడు, ఆ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూలులో లలితకళలను బోధించిన ఆచార్యుడు కలాల్ లక్ష్మాగౌడ్.

నాటి మెదక్ జిల్లా నిజాంపూర్ గ్రామంలో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్, హైదరాబాదు లలితకళల కళాశాలలో చిత్రకళను అభ్యసించారు. అనంతరం బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో కె.జి. సుబ్రహ్మణ్యన్ మార్గదర్శకత్వంలో 1963 నుండి 1965 వరకు కుడ్యచిత్రకళ, ముద్రణాకళలలో శిక్షణ పొందారు. నగరాలలో విద్యనభ్యసించినా ఆయన చిత్రాలలోని లోకం పల్లెదే. రాళ్లు, చెట్లు, మేకలు, శ్రమజీవులైన స్త్రీపురుషులు అందులో ఒకరితో ఒకరు పెనవేసుకొని కనిపిస్తారు.

ఆయనకు విశేషఖ్యాతి తెచ్చిన ఎచింగ్ ప్రక్రియలో రాగి లేదా జింకు రేకుపై మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీస్తారు. రేకును ఆమ్లంలో ఉంచగా గీత ఉన్నచోట లోహం కరిగి గాడి ఏర్పడుతుంది. ఆక్వాటింట్ పద్ధతిలో రెసిన్ పొడిని రేకుపై చల్లి, వేడిచేసి అంటిస్తారు. రేణువుల నడుమ ఆమ్లం కొరికిన చోట్ల బండరాతి ఉపరితలాన్ని తలపించే గరుకుదనం సిద్ధిస్తుంది. పిదప గాడులలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితాన్ని పరచి యంత్రంతో గట్టిగా ఒత్తుతారు.

ఈ విధంగా వెలువడిన ముద్రణాచిత్రాన్ని నకలుగా భావించడం పొరపాటు. ప్రతి కాగితానికీ రేకుపై సిరాను కొత్తగా నింపి, తుడవవలసి ఉంటుంది గనుక ప్రతి ప్రతీ మూలకృతియే. చిత్రం అడుగున 3/25 అని ఉంటే, 25 ప్రతులలో అది మూడవ సంఖ్య గలదని అర్థం. వర్ణచిత్రాన్ని ఫొటో తీసి అచ్చువేసిన ప్రతికి ఈ స్థాయి లేదు. కళాఖండాలను సేకరించి నమోదు చేసే కార్యాలయాలు, వాటిని గురించి వ్రాసే పత్రికలు ఈ భేదాన్ని గుర్తించకపోతే, విలువైన మూలకృతులు అలంకరణ పటాల జాబితాలో చేరి, తగిన సంరక్షణకు నోచుకోని ప్రమాదం ఉంది.

లక్ష్మాగౌడ్ కళాసేవకు గుర్తింపుగా భారత ప్రభుత్వం 2016లో పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది.